ఓర్లాండో అంటే ఏ ఓర్లాండో?

మనవాళ్ళలో చాలామందికి ఓర్లాండో అంటే ఫ్లోరిడాలోని ఊరు, పిల్లల్ని తీసుకెళ్ళే డిస్నీ వరల్డ్. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం కొత్తగా వింటున్నవాళ్ళకు మాత్రం ఈ పేరు పెద్ద తికమక. యాప్‌లో ఓర్లాండో అని వెతికితే హ్యాండెల్ ఒపెరా, అంటే పాటలతో నడిచే నాటకం, వస్తుంది. దాని కిందే వివాల్డి ఒపెరా, ఆ కింద హైడన్‌ది. ఇంకాస్త కిందికి వెళ్తే ఓర్లాండో డి లాస్సో, ఓర్లాండో గిబ్బన్స్ అని కనిపిస్తాయి. అవి ఒపెరాల పేర్లు కావు, సంగీతం రాసిన మనుషుల పేర్లు. వీళ్ళందరికీ ఏమైనా చుట్టరికం ఉందా, లేక వట్టి పేరే కలిసిందా?

సగం ఉంది, సగం లేదు. పాత ఒపెరాలన్నీ దాదాపు ఒకే కథల కుదురు నుంచి వచ్చాయి. మనుషులకు ఆ పేరు వేరే దారుల్లో చేరింది. ఈ రెండింటినీ విడదీసి చూస్తే చిక్కు చాలావరకు విడిపోతుంది. అయితే విడదీసే ముందు, అసలు ఈ పేరుకు అంత బలం ఎక్కడినుంచి వచ్చిందో తెలియాలి.

క్రీస్తుశకం 778 ఆగస్టులో షార్లమేన్ చక్రవర్తి సైన్యం స్పెయిన్ నుంచి వెనక్కి వస్తుండగా, పిరనీస్ పర్వతాల్లోని రొన్సెవో కనుమ దగ్గర బాస్క్ కొండజాతివాళ్ళు వెనక దళం మీద విరుచుకుపడ్డారు. ఆ పోరులో చనిపోయినవాళ్ళలో బ్రిటనీ సరిహద్దు ప్రాంతపు అధికారి ఒకడున్నాడు. చక్రవర్తి జీవితచరిత్ర రాసిన ఐన్‌హార్డ్ అతన్ని హ్రువోడ్‌లాండ్ అన్నాడు. చరిత్రలో అతని గురించి దొరికేది దాదాపు ఇంతే. మూడు వందల ఏళ్ళ తర్వాత, 1100 ప్రాంతంలో, ఫ్రెంచి భాషలో పుట్టిన 'రోలాండ్ గీతం' ఈ చిన్న కబురును నాలుగు వేల పాదాల వీరగాథగా మార్చేసింది. బాస్క్ కొండజాతివాళ్ళ చోటులోకి ముస్లిం సేనలు వచ్చాయి. అధికారి కాస్తా చక్రవర్తి మేనల్లుడు అయ్యాడు. అతనికి డురెండాల్ అనే కత్తి, ఏనుగు దంతంతో చేసిన కొమ్ము బూర వచ్చాయి. ఆ కథ ఆల్ప్స్ దాటి ఇటలీకి చేరేసరికి రోలాండ్ ఓర్లాండో అయ్యాడు.

యూరప్ ఊళ్ళలో ఈ వీరుడి రాతి బొమ్మలు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. జర్మనీలోని బ్రెమెన్ నగరంలో 1404లో నిలిపిన రోలాండ్ విగ్రహం, పక్కనున్న టౌన్ హాలుతో కలిపి, 2004లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. క్రొయేషియాలోని డుబ్రోవ్నిక్‌లో 1418 నాటి ఓర్లాండో స్తంభం ఉంది. ఆ విగ్రహం ముంజేతి పొడవునే అక్కడి వర్తకులు బట్ట కొలవడానికి మూరగా వాడుకున్నారు.

కానీ సంగీతకారులకు కావలసింది ఈ రాతి వీరుడు కాదు. యుద్ధంలో చచ్చిపోయినవాడి మీద కొన్ని పాటలు కట్టవచ్చు, మూడు గంటల ఒపెరా నడపడం కష్టం. వాళ్ళకు కావలసిన ఓర్లాండో ఇటలీలోని ఫెరారాలో పుట్టాడు. అక్కడి ఎస్తే ప్రభువుల కొలువులో ఉన్న మత్తేయో మరియా బోయార్దో ఈ వీరుణ్ణి ప్రేమలో పడేశాడు. 'ప్రేమలో పడ్డ ఓర్లాండో' అనే ఆ కావ్యం 1494లో కవి మరణంతో సగంలో ఆగింది. అదే కొలువులోని లుదోవికో అరియోస్తో ఆగినచోటే కథ అందుకుని ఇంకా ముందుకెళ్ళాడు. ప్రేమలో పడ్డవాడికి పిచ్చి పట్టించాడు. ఆ కావ్యం పేరు 'ఓర్లాండో ఫురియోసో', అంటే పిచ్చెత్తిన ఓర్లాండో. మొదటి ముద్రణ 1516లో 40 సర్గలతో, తుది రూపం 1532లో 46 సర్గలతో వచ్చింది. తర్వాతి ఏడాదే అరియోస్తో కన్నుమూశాడు.

కథ సముద్రమంత. మనకు కావలసింది దాని నడిమధ్యన, 23వ సర్గలో ఉంది. తూర్పున కథాయ్ అనే దేశపు రాకుమారి ఆంజెలికా కోసం ఓర్లాండో లోకమంతా తిరుగుతుంటాడు. ఆమె మాత్రం గాయపడి పడివున్న మెదోరో అనే మామూలు సైనికుడికి సేవ చేస్తూ అతన్నే ప్రేమించి పెళ్ళాడుతుంది. ఒక వాగు ఒడ్డున చెట్ల మీద, రాళ్ళ మీద ఇద్దరి పేర్లూ కలిపి చెక్కి ఉండటం ఓర్లాండో కంటపడుతుంది. ఇది ఇంకెవరో ఆంజెలికా అయివుంటుందని తనకు తాను నచ్చజెప్పుకుంటాడు. గుహ గోడ మీద మెదోరో రాసిన ప్రేమ పద్యం అరబ్బీలో ఉంది. ఓర్లాండోకు అరబ్బీ బాగా వచ్చు, అదే అతని ఖర్మ. ఆ రాత్రి తలదాచుకున్న పశువులకాపరి ఇంట్లో, తాను పడుకున్న మంచం వాళ్ళిద్దరూ పడుకున్నదేనని తెలుస్తుంది. ఆంజెలికాకు తానే ఇచ్చిన కంకణాన్ని ఆ కాపరి తెచ్చి చూపిస్తాడు. అంతే, మతి చెదిరిపోతుంది. కవచం ఊడదీసి పారేస్తాడు, చెట్లు పెకలిస్తాడు, నగ్నంగా దేశాలు పట్టి తిరుగుతాడు. చివరికి అస్తోల్ఫో అనే మిత్రుడు చంద్రలోకానికి వెళ్తాడు. భూమ్మీద పోగొట్టుకున్నవన్నీ అక్కడ చేరతాయట. ఒక సీసాలో ఉన్న ఓర్లాండో మతిని తెచ్చి, ముక్కుతో పీల్పించి మామూలు మనిషిని చేస్తాడు.

ఇంత గొప్ప యోధుడు ఇంతగా కూలిపోవడం ఒపెరా రచయితలకు బంగారు గని అయింది. అప్పటి ఒపెరాల్లో పాత్రల మాటతీరుకీ, పాట నిర్మాణానికీ గట్టి కట్టుబాట్లు ఉండేవి. పిచ్చివాడు ఆ కట్టుబాట్లు తెంచుకోవచ్చు, సంగీతం కూడా అతనితోపాటు తెంచుకోవచ్చు. ఇన్ని ఓర్లాండోలు ఉండటానికి అసలు కారణం ఇదేనని నా నమ్మకం.

ఆ స్వేచ్ఛను అందరికంటే ధైర్యంగా వాడుకున్నవాడు హ్యాండెల్. అతని 'ఓర్లాండో' 1733 జనవరి 27న లండన్ హేమార్కెట్‌లోని కింగ్స్ థియేటర్‌లో మొదటిసారి ఆడింది. ఒపెరా సాహిత్యాన్ని లిబ్రెటో అంటారు. ఈ లిబ్రెటో కొత్తది కాదు. 1711లో రోమ్‌లో దొమెనికో స్కార్లాట్టి సంగీతంతో ఆడిన ఒపెరా కోసం కార్లో సిజిస్మొందో కపేచే రాసినదాన్ని మార్చి వాడుకున్నారు. స్కార్లాట్టి ఒపెరా పేరు కూడా ఓర్లాండోయే, చూడండి చిక్కు ఎలా పెరుగుతుందో! హ్యాండెల్ కోసం జరిగిన పెద్ద మార్పు జొరొయాస్ట్రో అనే మాంత్రికుడు. అరియోస్తో కథలో ఈయన లేడు. వీరుణ్ణి ప్రేమ నుంచి కర్తవ్యం వైపు తిప్పాలని చూసే పెద్దమనిషి ఈయన. మగ గొంతుల్లో అన్నిటికంటే కిందిదాన్ని బేస్ అంటారు. అప్పటి గొప్ప బేస్ గాయకుడు మోంతన్యానా ఈ పాత్ర పాడాడు.

రెండో అంకం చివర పిచ్చి ఘట్టం వస్తుంది. తాను చచ్చిపోయి పాతాళానికి చేరానని ఓర్లాండో అనుకుంటాడు. వైతరణిలాంటి స్టిక్స్ నది దాటించే పడవ కనిపిస్తుంది, ఎక్కుతాడు. సరిగ్గా అక్కడ సంగీతం ఐదు అక్షరాల నడకలోకి జారుతుంది. ఖండచాపు విని పెరిగిన మన చెవికి ఐదు లెక్క కొత్తేమీ కాదు, అందులో ఎన్నో కృతులు హాయిగా నడుస్తాయి. ఆనాటి లండన్ శ్రోతకు మాత్రం అది కాలికింద నేల కదలడమే. ఇలాంటి కాలప్రమాణాన్ని ఇలాంటి సందర్భంలో తప్ప భరించలేమని ఆ శతాబ్దపు సంగీత చరిత్రకారుడు చార్ల్స్ బర్నీ అభిప్రాయపడ్డాడు. ఆ నడక కొన్ని క్షణాలే ఉంటుంది. వెంటనే ఓర్లాండోకు మూడు తలల కుక్క అరుపులు వినిపిస్తాయి, మెదోరో కనిపిస్తాడు. ఉన్నట్టుండి ఏడుస్తున్న కళ్ళను ఓదారుస్తూ, నాట్యానికి పనికొచ్చేంత మధురమైన చిన్న వరస అందుకుంటాడు. అది మళ్ళీ మళ్ళీ తిరిగొస్తుంది, మధ్యలో కోపం చీల్చుకుని వస్తుంది. ఆ కాలపు ఒపెరాలో దీనికి సాటివచ్చే ఘట్టం నేను వినలేదు.

ఆ రోజు ఓర్లాండోగా పాడినవాడు సెనెసీనో. చిన్నతనంలోనే శస్త్రచికిత్స చేసి గొంతు మారకుండా ఆపిన గాయకుల్ని కాస్ట్రాటోలు అనేవారు. సెనెసీనో వాళ్ళలో మహా పేరున్నవాడు. హ్యాండెల్ అతని కోసం కొత్తగా రాసిన చివరి పాత్ర ఇదే. ఆ తర్వాత సెనెసీనో పోటీ కంపెనీకి వెళ్ళిపోయాడు. ఒపెరా కూడా మరుగునపడి, 1922లో హ్యాండెల్ పుట్టిన ఊరు హాలేలో మళ్ళీ రంగస్థలం ఎక్కింది.

ఇక వివాల్డి దగ్గరికొస్తే ముడి ఇంకా బిగుస్తుంది. ఆయన జీవితంలోకి ఓర్లాండో వచ్చింది ఒక్కసారి కాదు. 1713లో వెనిస్‌లోని సాంత్ ఆంజెలో థియేటర్‌లో బ్రచ్చోలి రాసిన లిబ్రెటోకు రిస్తోరి అనే మరో స్వరకర్త సంగీతం కట్టిన 'ఓర్లాండో ఫురియోసో' బాగా ఆడింది. ఆ థియేటర్ నిర్వహణలో వివాల్డికి చెయ్యి ఉంది. 1714లో ఆయన సొంతంగా 'ఓర్లాండో ఫింతో పాత్సో' రాశాడు. పిచ్చి నటించిన ఓర్లాండో అని అర్థం. దాని కథ అరియోస్తోది కాదు, బోయార్దోది. అదే ఏడాది రిస్తోరి ఒపెరాను మళ్ళీ వేస్తూ అందులో తన సంగీతం చాలా చేర్చాడు. చివరికి 1727లో అదే థియేటర్ కోసం, అదే బ్రచ్చోలి లిబ్రెటోను తీసుకుని పూర్తిగా తన సంగీతంతో ఒపెరా కట్టాడు. అప్పుడు అచ్చువేసిన పుస్తకం మీద పేరు ఉత్త 'ఓర్లాండో'. ఈరోజు అందరూ దాన్ని 'ఓర్లాండో ఫురియోసో' అంటారు. కాబట్టి వివాల్డి రికార్డు కొనేటప్పుడు పేరు చూస్తే సరిపోదు, పీటర్ ర్యూమ్ తయారుచేసిన పట్టికలోని సంఖ్య చూడాలి. 727 అయితే పిచ్చి నటించినవాడు. 728 అయితే 1727 నాటి పెద్ద ఒపెరా. 819 అయితే 1714 నాటి పాత రూపం.

728లో పిచ్చి ఎలా వినిపిస్తుంది? హ్యాండెల్‌కు పూర్తి భిన్నంగా. ఇక్కడ ఓర్లాండో ఉన్మాదం ఎక్కువగా పాటల్లో కాక, మాటలాగా సాగే రెసిటేటివ్‌లో ఉంటుంది. వాక్యాలు తెగిపోతాయి, అర్థం లేని చోట ఆగుతాయి. ఈ పాత్ర 1727లో పాడింది లూచియా లంచెత్తి అనే స్త్రీ. ఈ కథలో మంత్రగత్తె అల్చీనాకు పెద్ద పీట ఉంది. పిచ్చిలో ఉన్న ఓర్లాండో తెలియకుండానే మెర్లిన్ అనే మాంత్రికుడి విగ్రహాన్ని పడగొట్టి ఆమె మంత్రశక్తిని అంతం చేస్తాడు.

ఈ ఒపెరా మనకు దక్కిందంటే దాని వెనక ఒక దుఃఖం ఉంది. వివాల్డి సొంత రాతప్రతుల్లో చాలా భాగం 1920ల దాకా ఎవరికీ తెలియకుండా ఉండిపోయింది. అవి బయటపడ్డాక కొని టూరిన్ జాతీయ గ్రంథాలయానికి ఇవ్వడానికి రోబెర్తో ఫోవా, ఫిలిప్పో జోర్దానో అనే ఇద్దరు డబ్బు పెట్టారు. ఇద్దరూ చిన్నపిల్లల్ని పోగొట్టుకున్న తండ్రులు. మౌరో, రెంజో అనే ఆ పసివాళ్ళ జ్ఞాపకంగా ఆ సంపుటాలు ఇప్పటికీ వాళ్ళ ఇంటిపేర్లతోనే ఉన్నాయి. 1977లో క్లౌదియో షిమోనే నిర్దేశకత్వంలో, మెరిలిన్ హార్న్ ఓర్లాండోగా పాడిన రికార్డు వచ్చాకే ప్రపంచం వివాల్డిని ఒపెరా రచయితగా కొత్తగా చూసింది.

ఫ్రాన్స్‌లో ఇదే కథ 'రోలాండ్' పేరుతో నడిచింది, అందుకే వెతికినప్పుడు దొరకదు. కీనో లిబ్రెటోతో లుల్లీ రాసిన 'రోలాండ్' 1685 జనవరిలో వెర్సాయ్‌లో ఆడింది. అక్కడ వీరుడిది బేస్ గొంతు. లండన్‌లో కాస్ట్రాటో, వెనిస్‌లో స్త్రీ, వెర్సాయ్‌లో బేస్!  దాదాపు వందేళ్ళకు కీనో మాటలనే మార్మోంతెల్ సవరించగా పిచిన్నీ సంగీతం కట్టాడు. అది 1778లో పారిస్‌లో ఆడింది. అదే కథను గ్లుక్ అనే మరో స్వరకర్త కూడా మొదలుపెట్టాడు. పిచిన్నీకి ఇచ్చారని తెలిసి వదిలేశాడు. పారిస్ రసికులు రెండు వర్గాలుగా చీలి కొట్టుకున్న ఆ ప్రసిద్ధ తగాదాలో ఇదీ ఒక మంట.

హైడన్ 'ఓర్లాండో పాలదీనో' 1782 డిసెంబరు 6న హంగరీలోని ఎస్తర్‌హాజా కోటలో మొదటిసారి ఆడింది. రష్యా యువరాజు పావెల్ వస్తాడని సిద్ధం చేశారు, ఆయన రాలేదు. వీరం, హాస్యం కలిపిన ఈ ఒపెరాలో ఓర్లాండో టెనర్, అంటే పై స్థాయి మగ గొంతు. అల్చీనా అతన్ని కాసేపు రాయిగా మారుస్తుంది. చివర్లో పాతాళపు పడవవాడు కారోంతే మరుపు నది నీళ్ళు చల్లితే నయమవుతుంది. హైడన్ బతికుండగా ఆయన ఒపెరాల్లో ఎక్కువ ఊళ్ళు తిరిగింది ఇదే. ఇప్పుడు దీన్ని తక్కువగా వేస్తున్నారు, అది అన్యాయం. తిండిపోతు పరిచారకుడు పస్కువాలే పాటల కోసమైనా దీన్ని వినాలి.

పేరులో ఓర్లాండో లేకపోయినా ఇదే కుటుంబానికి చెందినవీ ఉన్నాయి. 1625లో ఫ్లోరెన్స్‌లో ఫ్రాంచెస్కా కచ్చీని రాసిన, అల్చీనా దీవి నుంచి రుజ్జేరో విముక్తి కథ మనకు తెలిసినంతలో ఒక స్త్రీ రాసిన మొదటి ఒపెరా. హ్యాండెల్ 1735లో కోవెంట్ గార్డెన్‌లో ఆడించిన 'అరియోదాంతే', 'అల్చీనా' రెండూ అరియోస్తో కావ్యంలోవే. 1720లో నేపుల్స్‌లో పోర్పోరా రాసిన 'ఆంజెలికా'లో ఒక పదిహేనేళ్ళ కుర్రాడు చిన్న వేషంతో తొలిసారి జనం ముందు పాడాడు. అతనే ఫరినెల్లి. లిబ్రెటో రాసింది అప్పటికింకా పేరు రాని మెతస్తాసియో. ఆ పరిచయంతో ఇద్దరూ జీవితాంతం ఒకరినొకరు కవల అని పిలుచుకున్నారు. హ్యాండెల్ 'రినాల్డో' మాత్రం ఈ ఇంటిది కాదు. అది తాస్సో అనే మరో కవి కావ్యం నుంచి వచ్చింది.

ఇప్పుడు మనుషులు. ఓర్లాండో డి లాస్సో ఇటలీవాడే కాదు. ఇప్పటి బెల్జియంలోని మోన్స్‌లో 1530, 1532 మధ్య పుట్టాడు. ఫ్రెంచిలో రోలాండ్ డ లాసూ, లాటిన్‌లో ఓర్లాందుస్ లాసుస్. అందుకే లైబ్రరీ పట్టికల్లో ఆయన ఒక్కడే ముగ్గురిగా కనిపిస్తాడు. పన్నెండేళ్ళ వయసులో ఫెర్రాంతే గొంజాగా కొలువుతో ఇటలీ వెళ్ళాడు. 1553లో రోమ్‌లోని సెయింట్ జాన్ లాటెరన్ చర్చి సంగీతానికి నాయకుడయ్యాడు. 1556 నుంచి చనిపోయేదాకా మ్యూనిక్‌లో బవేరియా ప్రభువుల కొలువే. లాటిన్, ఇటాలియన్, ఫ్రెంచి, జర్మన్ నాలుగింటిలోనూ కలిపి రెండు వేలకు పైగా రచనలు చేశాడు. యువ ప్రభువు విల్‌హెల్మ్‌కు రాసిన ఉత్తరాల్లో ఈ నాలుగు భాషలనూ కలగలిపి ఆడుకున్నాడు. తెలుగులో ఇంగ్లీషు కలిపి మాట్లాడుకునే మనకు ఆ ఉత్తరాలు వెంటనే నచ్చుతాయి.

ఆయన చివరి రచన 'లాగ్రిమే ది సాన్ పియెత్రో', సెయింట్ పీటర్ కన్నీళ్ళు. ఏసును ఎరగనని మూడుసార్లు చెప్పిన శిష్యుడు ముసలితనంలో పడే పశ్చాత్తాపం అది. ఏడు గొంతులకు రాసిన ఇరవై గీతాలు, చివర ఏసు పలికే లాటిన్ గీతం ఒకటి. 1594 మే 24న పోప్‌కు అంకితం రాశాడు, జూన్ 14న పోయాడు. పిచ్చి ఓర్లాండోకూ ఈయనకూ పేరు తప్ప పోలిక లేదు, కానీ ఈ పేరున్న సంగీతకారుల్లో ఈయన్ని మించినవాడు లేడు. మ్యూనిక్‌లో ఈయన విగ్రహం దిమ్మె 2009 నుంచి మైకేల్ జాక్సన్ అభిమానుల పూలతో, ఫోటోలతో నిండి ఉంటోంది. జాక్సన్ ఆ ఊరొచ్చినప్పుడు బసచేసిన హోటల్ ఎదురుగానే ఉంది.

ఓర్లాండో గిబ్బన్స్ పక్కా ఇంగ్లీషువాడు. 1583 డిసెంబరు 25న ఆక్స్‌ఫర్డ్‌లో బాప్తిస్మం. అరియోస్తో కావ్యం జాన్ హారింగ్‌టన్ ఇంగ్లీషులో అచ్చయింది 1591లో, కాబట్టి ఈ పేరు ఆ అనువాదం వల్ల రాలేదు. గిబ్బన్స్ రాజుగారి చాపెల్‌లో, తర్వాత వెస్ట్‌మిన్‌స్టర్ ఆబేలో ఆర్గన్ వాయించాడు. 1612లో అచ్చయిన 'ది సిల్వర్ స్వాన్' ఐదు గొంతుల చిన్న పాట. బతికినంతకాలం మౌనంగా ఉన్న హంస చావు దగ్గరపడ్డప్పుడు మొదటిసారీ చివరిసారీ పాడుతుంది. రెండు నిమిషాలు కూడా ఉండదు, వెంటాడుతుంది. 1625 జూన్‌లో, ఫ్రాన్స్ నుంచి వస్తున్న కొత్త రాణికి స్వాగతం పలకడానికి కాంటర్‌బరీ వెళ్ళి, హఠాత్తుగా అక్కడే చనిపోయాడు. కెనడా పియానిస్టు గ్లెన్ గూల్డ్ తన అభిమాన స్వరకర్త బాఖ్ అనలేదు, గిబ్బన్స్ అన్నాడు.

గిబ్బన్స్ కాలంలోనే షేక్‌స్పియర్ 'యాజ్ యూ లైక్ ఇట్'లో ఓర్లాండో అనే ప్రేమికుణ్ణి అడవిలోకి పంపాడు. ఇతను కూడా చెట్ల మీద ప్రియురాలి పేరు చెక్కుతాడు. అరియోస్తోను చదివినవాళ్ళకు ఇది వెంటనే అందుతుంది, చెట్ల మీద పేర్లు చూసి పిచ్చెక్కినవాడి పేరున్నవాడే ఇక్కడ పేర్లు చెక్కుతున్నాడు. ఇతని తండ్రి పేరు రోలాండ్. తండ్రికీ కొడుక్కీ ఒకే పేరు, రెండు భాషల్లో.

చరిత్ర పుస్తకాల్లో 1919 పారిస్ శాంతి సమావేశం దగ్గర కనిపించే ఓర్లాండో ఇటలీ ప్రధాని వితోరియో ఎమనువేలే ఓర్లాండో. అది ఇంటిపేరు. ఫ్యూమే రేవు ఇటలీకి ఇవ్వలేదని అలిగి సమావేశం నుంచి లేచిపోయినవాడు. ఆయన సొంతూరు పలెర్మో. ఆ ఊళ్ళోనే ఇనుప కడ్డీలతో ఆడించే సిసిలీ బొమ్మలాటలో ఓర్లాండో, రినాల్డో (తాస్సో రినాల్డో కాదు, మరొకడు) ఆంజెలికా కోసం ఇప్పటికీ కత్తులు దూసుకుంటారు. యునెస్కో ఆ కళను 2001లోనే గుర్తించింది.

ఆధునిక ఒపెరాల్లో ఒకటి మాత్రం అరియోస్తో వంశం కాదు. ఓల్గా నొయ్‌విర్త్ రాసిన 'ఓర్లాండో' 2019 డిసెంబరు 8న వియన్నా స్టేట్ ఒపెరాలో మొదటిసారి ఆడింది. దాని మూలం వర్జీనియా వూల్ఫ్ 1928లో రాసిన నవల. ఎలిజబెత్ రాణి కాలంలో యువకుడిగా మొదలై, మధ్యలో స్త్రీగా మారి, శతాబ్దాలు దాటి బతికే మనిషి కథ అది. 1869లో తలుపులు తెరిచిన ఆ థియేటర్ ఒక స్త్రీ రాసిన పూర్తి నిడివి ఒపెరా వేయడానికి నూటయాభై ఏళ్ళు పట్టింది. ఫ్లోరెన్స్‌లో కచ్చీని ఒపెరా ఆడి అప్పటికి దాదాపు నాలుగు వందల ఏళ్ళు.

వినడం ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే, నేనైతే హ్యాండెల్ రెండో అంకం చివరి పది నిమిషాలు వినమంటాను. లిబ్రెటో అనువాదం దగ్గర పెట్టుకోండి. పడవ ఎక్కే చోట తాళం వేసి చూడండి, ఐదు పడుతుంది. తర్వాత వివాల్డి 728లో అదే మనిషి పిచ్చిని వినండి. ఈ రెండూ అయ్యాక లాస్సో కన్నీళ్ళ గీతాలు పెట్టుకుంటే, పేరు ఒక్కటే అయినా ఇది పూర్తిగా వేరే లోకమని మొదటి గీతంలోనే తెలిసిపోతుంది.